నోటికేమీ పెట్టని రోగి, పాచి నోరు: పక్షవాతం కేసులో నోటి సంరక్షణ

గుంటూరులోని ఒక ఆస్పత్రి మెడికల్ వార్డులో మే నెలలో చేరిన రోగి కేసు ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేశాం. వయసు 66, తెనాలి వైపు పల్లె, వ్యవసాయం. 11 ఏళ్లుగా షుగరు. చేరిన రోజు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 9.4. నలభై ఏళ్ల చుట్ట అలవాటు. పొద్దున లేచేసరికి ఎడమ చెయ్యి, కాలు పడిపోయి మాట ముద్దగా వస్తుంటే తీసుకొచ్చారు. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు కాబట్టి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే వీలు లేకపోయింది. సీటీలో కుడి మెదడులో ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక చచ్చిన భాగం), పక్షవాతం తీవ్రత చెప్పే ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ స్కోరు 15. తన ఒంటికి ఎడమ పక్క ఒకటుందన్న ధ్యాసే లేదు. మింగుడు పరీక్షలో మొదటి చెంచా నీళ్లకే పొలమారింది. నోటితో ఏమీ ఇవ్వొద్దని రాసి రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వెళ్లే ఆహారపు గొట్టం) వేశారు. మాస్కుతో నిమిషానికి 5 లీటర్ల ఆక్సిజన్. మందుల్లో ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, ఇన్సులిన్. చొంగ ఎక్కువగా కారుతోందని 2వ రోజు ఉమ్మి తగ్గించే గ్లైకోపైరొలేట్ కూడా చేర్చారు.

6వ రోజు ఉదయం జ్వరం 102, శ్వాస నిమిషానికి 28, ఆక్సిజన్ శాచురేషన్ 90. తెల్లకణాలు 17,400. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో నెమ్ము (న్యుమోనియా). కఫం కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పెరిగింది. డాక్టర్లు పిపరాసిలిన్-టాజోబాక్టమ్ అనే యాంటీబయోటిక్ మొదలుపెట్టారు.

ఆ రోజే చార్టు వెనక్కి తిప్పి చూస్తే, మొదటి 5 రోజుల 15 షిఫ్టుల్లో 14 చోట్ల 'మౌత్ కేర్' గడిలో టిక్కు ఉంది. ఆ టిక్కులు అబద్ధం కావు. ప్రతి షిఫ్టులోనూ ఎవరో ఒకరు గాజు గుడ్డను (గాయాలకు వాడే పలచటి నూలు గుడ్డ) బోరోగ్లిజరిన్‌లో ముంచి పెదాలు, ముందు పళ్లు, నాలుక కొస తుడిచారు. టార్చి వేసి నోటి లోపలికి మాత్రం ఒక్కరూ చూడలేదు. ఈ కేసు రాయడానికి కారణం అదే. టిక్కు పడింది, నోరు మాత్రం పాచిగానే ఉండిపోయింది. మన ఇళ్లలో పాచి నోటితో మంచినీళ్లు కూడా ముట్టరు. అలాంటి మనిషి ఆస్పత్రిలో 6 రోజులు అదే పాచి నోటితో పడుకున్నాడు.

టార్చి వేసి చూస్తే

పెదాల రెండు మూలలూ చీలి రక్తపు పొర కట్టాయి. నాలుక మీద తెల్లటి మందపాటి పూత, నడుమ పగులు. చెక్క పుల్ల నాలుకకు ఆనిస్తే అంటుకుపోయి, తీసేటప్పుడు నాలుక కూడా కాస్త లేచింది. ఉమ్మి ఏమాత్రం లేదనడానికి అంతకన్నా గుర్తు అక్కర్లేదు. ఎడమ బుగ్గకీ చిగురుకీ మధ్య గాడిలో పులిసిన ఇడ్లీ ముద్ద, గోళీకాయంత. అంగిలి మీద ముదురు గోధుమరంగు పెచ్చు, దాదాపు రూపాయి బిళ్లంత, అంచులు లేచి, నడుమ గట్టిగా అతుక్కుని. దాన్ని మొదట చూసినవాళ్లు ఎండిన రక్తం అనుకున్నారు. నోటితో గాలి పీల్చే రోగుల్లో రాలిన చర్మపు కణాలు, ఎండిన ఉమ్మి, కఫం కలిసి పొరలు పొరలుగా పేరుకుంటే ఇలాంటి పెచ్చు తయారవుతుంది. ఆరబెట్టిన అప్పడం ముక్కలా ఉంటుంది.

ఆ పెచ్చు పక్కన సన్నటి తీగ మెరిసింది. అది కట్టుడు పళ్ల కొక్కెం. పైదవడలో మూడు పళ్ల అక్రిలిక్ ప్లేటు 6 రోజులుగా తీయకుండా అలాగే ఉంది. అడ్మిషన్ షీటులో 'కట్టుడు పళ్లు: లేవు' అని రాసుంది. ఆ ప్రశ్న అడిగింది కొడుకుని. ఆయన ఉండేది హైదరాబాదులో, ఆయనకు తెలియదు. భార్యను అడిగితే వెంటనే చెప్పింది: "నాలుగేళ్లయింది సిస్టరమ్మా కట్టించి. రోజూ రాత్రి తీసి గ్లాసులో వేసుకుంటాడు." ప్లేటు తీశాక దాని కింద అంగిలి ఎర్రగా కమిలి ఉంది. ఎరుపు అంచు ప్లేటు అంచుతో గీసినట్టు సరిపోయింది. క్యాండిడా ఫంగస్ అని డెంటల్ విభాగం ఖాయం చేసింది.

నోటి ఆరోగ్యాన్ని కొలిచే ఓహెచ్‌ఏటీ పద్ధతిలో స్కోరు వేశాం. పెదాలు, నాలుక, చిగుళ్లు-లోపలి చర్మం, ఉమ్మి, సొంత పళ్లు, కట్టుడు పళ్లు, శుభ్రత, పంటి నొప్పి అని 8 అంశాలుంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 16. ఎంత ఎక్కువైతే నోరు అంత చెడిపోయినట్టు. ఈయనకు 12 వచ్చింది. రెండు నిమిషాల పని ఇది, డెంటిస్టు అక్కర్లేదు, టార్చి చాలు. ఆ రోజు వార్డు టార్చిలో సెల్స్ లేవు, మొబైల్ ఫోన్ లైటుతో చూడాల్సి వచ్చింది. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, నోరు చూడకపోవడానికి సగం కారణం అక్కడే ఉంది.

తినని నోరు ఎందుకు తొందరగా పాడవుతుంది

వార్డులో తరచూ వినపడే మాట, "నోటికేమీ పెట్టట్లేదు కదా, ఇంకేం మురికి?" తర్కం సరిగ్గా తిరగబడింది. పళ్లను, నాలుకను రోజంతా కడుగుతూ ఉండేది నమలడం, మింగడం, ఉమ్మి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్మి ఊరుతుంది. నమలడం ఆగితే ఊట తగ్గుతుంది. నోరు తెరిచి గాలి పీల్చడం, మాస్కులోంచి వచ్చే పొడి ఆక్సిజన్ కలిసి ఉన్న కాస్త తేమనీ ఎండగడతాయి. ఈయన విషయంలో గ్లైకోపైరొలేట్ మరో దెబ్బ. చొంగ కారుతోందంటే ఉమ్మి ఎక్కువైందని కాదు. పక్షవాతం వల్ల మింగలేక, పెదవి మూసుకోక బయటికి వస్తోంది. దాన్ని మందుతో ఆపితే నోరు ఎండి పెచ్చు కడుతుంది. 6వ రోజు డాక్టరును అడిగి ఆ మందు ఆపించాం.

పళ్ల మీద పాచి కొన్ని గంటల్లోనే మళ్లీ మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో చిక్కబడుతుంది. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ల నోట్లో మామూలుగా ఉండే సూక్ష్మజీవులు తగ్గి, క్లెబ్సియెల్లా లాంటి ఆస్పత్రి జాతులు కొద్ది రోజుల్లోనే చేరతాయి. మింగుడు సరిగా లేని రోగికి ఆ ఉమ్మి రాత్రంతా బొట్టుబొట్టుగా గాలిగొట్టంలోకి దిగుతుంది. దగ్గు కూడా రాదు. రైల్స్ ట్యూబ్ ఉంటే పొలమారదన్న నమ్మకం తప్పు. ట్యూబ్ ఆహారాన్ని కడుపులోకి చేరుస్తుందే గానీ ఉమ్మిని ఆపలేదు.

ఈ నెమ్ము నోటి వల్లనే వచ్చిందని ఒక్క కేసుతో తేల్చలేం. 4వ రోజు సీటీకి తీసుకెళ్లినప్పుడు ఫీడ్ ఇచ్చిన అరగంటకే వెల్లకిలా పడుకోబెట్టారు, అదీ కారణం కావచ్చు. కానీ ఇన్ని కారణాల్లో నర్సు చేతిలో పూర్తిగా ఉన్నది నోరొక్కటే.

గాజు గుడ్డ ఎందుకు చాలలేదంటే, పాచి జిగురు పొర. తుడిస్తే పైపైన జారుతుంది, పంటికీ చిగురుకీ మధ్య సందులో అలాగే ఉంటుంది. దాన్ని కదిలించేది బ్రష్ కుచ్చు మాత్రమే. ఇక గ్లిజరిన్ రాసినప్పుడు నున్నగా అనిపిస్తుంది గానీ, అది తేమను లాక్కునే పదార్థం. ఎండిన నోట్లో పదే పదే రాస్తే ఇంకా ఎండుతుంది.

6వ రోజు చేసిన పని

మొదటిసారి ఇద్దరు నర్సులకు 25 నిమిషాలు పట్టింది. ఒకరు బ్రష్, ఒకరు సక్షన్ (నోట్లో నీటిని పీల్చే గొట్టం). ట్రేలో పెట్టుకున్నవి: పిల్లల మెత్తటి బ్రష్ (తల చిన్నది కాబట్టి దవడ పళ్ల దాకా వెళ్తుంది), 50 మి.లీ. మంచినీళ్ల కప్పు, లెక్కపెట్టిన 10 గాజు గుడ్డ ముక్కలు, నీటి ఆధారిత నోటి జెల్, 12 ఫ్రెంచ్ సైజు సక్షన్ క్యాథెటర్, టార్చి, కిడ్నీ ట్రే, గ్లవ్స్, మాస్కు, కళ్లద్దాలు. పేస్టు పెట్టలేదు.

ఫీడ్ ఇచ్చి గంట దాటాక మొదలుపెట్టాలి. ముందు రైల్స్ ట్యూబ్ గుర్తు ముక్కు దగ్గర ఎక్కడుందో చూసుకోవాలి. తలవైపు 45 డిగ్రీలు లేపి, రోగిని ఆరోగ్యంగా ఉన్న పక్కకు, ఇక్కడ కుడికి, ఒరిగించాలి. అలా చేస్తే నీరు స్పర్శ ఉన్న బుగ్గలోకి దిగుతుంది, సక్షన్‌కు అందుతుంది. గడ్డం కాస్త ఛాతీ వైపు వంచి ఉంచాలి. తల వెనక్కి వాలితే గాలిగొట్టం తెరుచుకుని ఉంటుంది, చాలాచోట్ల జరిగే తప్పు ఇదే. సక్షన్ 80-120 ఎంఎంహెచ్‌జీ మధ్య పెట్టి, గిన్నెలో నీళ్లు పీల్చి చూశాకే నోట్లో చెయ్యి పెట్టాలి.

ముందు పెదాలు తడపాలి. ఎండిన పెదాన్ని లాగితే మూల మళ్లీ చీలుతుంది. తర్వాత చూపుడు వేలు బుగ్గ లోపల, పళ్ల బయటి వరస వెంట వెనక్కి పోనివ్వాలి. పళ్ల మధ్య వేలు పెట్టకూడదు. నోరు బిగించిన రోగికి చివరి దవడ పన్ను వెనక మెల్లగా నొక్కితే చాలామందిలో నోరు తెరుచుకుంటుంది. బలవంతంగా స్పూను దూర్చడం వల్ల పన్ను విరిగే ప్రమాదముంది.

ఎడమ బుగ్గలో ముద్దను వేలికి చుట్టిన తడి గాజుతో బయటికి లాగాం. కట్టుడు ప్లేటును రెండు పక్కల కొక్కేల కింద గోరు ఆన్చి, రెండు వైపులా సమానంగా కిందికి దించాం. ఒక పక్కే లాగితే కొక్కెం వంగుతుంది, చిగురు గీసుకుంటుంది.

అంగిలి పెచ్చు మీద జెల్ పలచగా రాసి వదిలేశాం. అది నానడానికి 10 నిమిషాలు. ఈలోగా పళ్లు. బ్రష్‌ను నీళ్లలో ముంచి, విదిల్చి, చిగురు అంచుకు 45 డిగ్రీల వాలుగా ఆనించి, రెండేసి పళ్ల చొప్పున చిన్న చిన్నగా కదపాలి. ప్రతి అయిదారు కదలికలకు బ్రష్ బయటికి తీసి కప్పులో కడిగి గాజుకు తుడవాలి. ఈ కడగడం మానేస్తే పాచిని పళ్ల నుంచి ఊడదీసి గొంతులోకి పంపినట్టే. రెండో నర్సు క్యాథెటర్‌ను కింది బుగ్గలో ఉంచి పీలుస్తూనే ఉండాలి. చిగుళ్ల నుంచి కాస్త రక్తం వచ్చింది. వాచిన చిగురుకు అది మామూలే, ఆస్పిరిన్ కూడా ఉంది. తడి గాజు అయిదు నిమిషాలు అదిమితే ఆగింది. రక్తం కనపడిందని బ్రష్ మానేస్తే వాపు తగ్గదు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయిన రోగి సంగతి వేరు, అక్కడ డాక్టరును అడిగి చేయాలి.

నానిన పెచ్చును ఎప్పుడూ వెనక అంచు నుంచి ముందుకే తీయాలి. ముందు నుంచి వెనక్కి నెడితే ముక్క విరిగి గొంతులో పడుతుంది. తడి గాజు చుట్టిన వేలితో మెల్లగా దొర్లిస్తే మూడు వంతులు ఒకే ముక్కగా వచ్చింది. అతుక్కున్న మిగతాదాన్ని గీకకుండా సాయంత్రానికి వదిలేశాం. నాలుకను వెనక నుంచి ముందుకు, తేలిగ్గా, పది సార్లకు మించకుండా. మన ఇళ్లలో వాడే నాలుకబద్ద ఎండిన నాలుకకు పనికిరాదు, పూతతో పాటు చర్మం గీసుకుపోతుంది.

ఆఖరున నీళ్లు పోసి పుక్కిలించే ప్రయత్నం చేయలేదు. పిండిన తడి గాజుతో తుడిచి, జెల్ పలచగా రాసి ఆపాం. గాజు గుడ్డ ముక్కలు 10 లోపలికి, 10 బయటికి లెక్క సరిపోయాక ట్రే తీశాం. తర్వాత అరగంట తల దించలేదు.

ఫంగస్‌కు డాక్టరు క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ రాశారు. రోజుకు 3 సార్లు, దూది పుల్లతో అంగిలికి. ఫ్లూకొనజోల్ మాత్ర ఆలోచన వచ్చింది గానీ, తర్వాతి రోజుల్లో రక్తం గడ్డకట్టకుండా ఆపే క్లోపిడొగ్రెల్ చేర్చే ఉద్దేశం ఉంది. ఫ్లూకొనజోల్ దాని పనిని తగ్గించగలదు కాబట్టి పూతమందుతోనే సరిపెట్టారు. ప్లేటును మెత్తటి బ్రష్, సబ్బుతో తోమి, పేరు రాసిన మూత డబ్బాలో చల్లటి నీళ్లలో ఉంచాం. వేడినీళ్లయితే అక్రిలిక్ వంగి మళ్లీ సరిపడదు. దిండు కిందో, టిష్యూలో చుట్టి బల్ల మీదో పెట్టిన పళ్లు చెత్తబుట్టలోకే వెళ్తాయి.

ఆ రోజు నుంచి బ్రష్ ఉదయం, రాత్రి 2 సార్లు. తడపడం, జెల్ 4 గంటలకోసారి. మాస్కు ఉన్నన్నాళ్లు 2 గంటలకోసారి. పెదాలకు పెట్రోలియం జెల్లీ కాకుండా నీటి ఆధారిత జెల్లే, ఆక్సిజన్ నడుస్తోంది కాబట్టి. ఆక్సిజన్‌కు తేమ పట్టించే హ్యుమిడిఫయర్ సీసాలో స్టెరైల్ నీళ్లు గీత దాకా ఉన్నాయో లేదో షిఫ్టు షిఫ్టుకూ చూడాలి. అదీ 3వ రోజు ఖాళీగా ఉన్నట్టు తర్వాత తెలిసింది.

8వ రోజు తప్పు

రాత్రి షిఫ్టులో ఒక్కరే ఉన్నారు. ఇంటివాళ్లు తెచ్చిన మామూలు పేస్టు బ్రష్ నిండా పెట్టి తోమారు. నురగ నోరంతా నిండింది, సక్షన్ ట్యూబ్ గోడ దగ్గర ఊడి ఉంది. దగ్గు, శాచురేషన్ 94 నుంచి 88కి పడింది. వెంటనే ఆపి, పూర్తిగా పక్కకు తిప్పి, సక్షన్ తగిలించి పీల్చాక మూడు నిమిషాల్లో తేరుకున్నాడు. తప్పు పేస్టుది మాత్రమే కాదు. సక్షన్ పనిచేస్తోందో లేదో చూడకుండా మొదలుపెట్టడమే అసలు తప్పు. నురగ రాని పేస్టయితే బఠాణీ గింజలో సగం చాలు. లేకపోతే నీళ్లు, బ్రష్ సరిపోతాయి, పాచిని ఊడదీసేది కుచ్చే. రాత్రిపూట ఒక్కరే ఉంటే పూర్తి బ్రషింగ్ పెట్టుకోకుండా తడపడం, తుడవడం వరకే చేసి, బ్రష్‌ను ఇద్దరుండే సాయంత్రం షిఫ్టు చివరికి జరిపాం.

క్లోర్‌హెక్సిడిన్ సంగతి

క్రిములను చంపే 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో రోజుకు 3 సార్లు తుడవమని మొదట ఆర్డరు ఉంది. చాలా వార్డుల్లో మౌత్ కేర్ అంటే ఇప్పటికీ అదే. కానీ 2022లో అమెరికాలోని ఇన్ఫెక్షన్ నియంత్రణ సంఘాలు ఉమ్మడిగా ఇచ్చిన సూచనల్లో, వెంటిలేటర్ రోగులకు రోజూ బ్రషింగ్ తప్పనిసరి పనుల్లో చేరింది, క్లోర్‌హెక్సిడిన్‌తో నోటి శుభ్రత వద్దన్నవాటిలోకి వెళ్లింది. దానివల్ల మరణాలు పెరుగుతున్నాయేమోనన్న అనుమానమే కారణం. 2023 డిసెంబరులో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రిక ప్రచురించిన 15 ట్రయల్స్ విశ్లేషణలో బ్రష్ చేసిన రోగుల్లో ఆస్పత్రి నెమ్ము తక్కువగా కనిపించింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలోనే ఆ తేడా స్పష్టం. రోజుకు 2 సార్లకూ 3 సార్లకూ పెద్ద తేడా లేదు. మన రోగి వెంటిలేటర్ మీద లేడు, ఆ లెక్కలు నేరుగా ఈయనకు వర్తించవు. అయినా పాచిని కదిలించేది బ్రషే అన్న విషయం మారదు. డాక్టరుతో మాట్లాడి నోట్లో క్లోర్‌హెక్సిడిన్ ఆపాం, ప్లేటు నానబెట్టడానికి మాత్రం వాడాం.

పళ్లే లేని ముసలివాళ్లకు ఇదంతా అక్కర్లేదన్న మాటకు కూడా జవాబుంది. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లు చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, పళ్లున్నవాళ్లకే కాదు, బోసినోటి వాళ్లకు కూడా నోటి శుభ్రత వల్ల నెమ్ము తగ్గింది.

ఇంటావిడ

ఇడ్లీ ముద్ద ఎక్కడిదని అడగడం అందరికీ ఇబ్బందే అయింది. "మూడో రోజు పాలల్లో నానేసి రెండు చెంచాలు పెట్టానమ్మా. కళ్లు తెరిచి నావంక చూస్తంటే ప్రాణం ఉండబట్టలేదు," అంది ఆవిడ. ఆవిడను కసరడం వల్ల వచ్చేదేమీ లేదు, ఇంకోసారి దాచిపెట్టి పెడుతుంది. టార్చి ఆవిడ చేతికిచ్చి, ఎడమ బుగ్గ లోపల చూపించాం. ఆ పక్క పెట్టింది ఆయనకు తెలియదు, నాలుక అటు పోదు, మూడు రోజులైనా అక్కడే ఉండిపోయిందని చెప్పాం. నాలుక ఎండిందని తేనె, నెయ్యి రాయొద్దని కూడా. నెయ్యి, నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే శరీరం వదిలించుకోలేదు. 10వ రోజుకు తడి గాజుతో పెదాలు, బుగ్గలు తుడవడం ఆవిడే చేసింది. బ్రష్, సక్షన్ మాత్రం సిస్టర్లే.

తర్వాత

జ్వరం 9వ రోజు తగ్గింది. అంగిలి పెచ్చు 7వ రోజుకే పూర్తిగా వచ్చేసింది, మళ్లీ కట్టలేదు. యాంటీబయోటిక్ 7 రోజులు. 12వ రోజు మళ్లీ మింగుడు పరీక్ష పెట్టాం. దానికి ముందు నోరు శుభ్రం చేయడం మరవకూడదు, పొలమారినా శుభ్రమైన నీళ్లే లోపలికి పోతాయి. నిటారుగా కూర్చోబెట్టి 5 మి.లీ. చెంచా నీళ్లు మూడుసార్లు; దగ్గు లేదు, గొంతు తడి గరగర లేదు. మెత్తగా పిసికిన పెరుగన్నం, చిక్కటి జావతో మొదలుపెట్టి 15వ రోజు రైల్స్ ట్యూబ్ తీశారు. ప్రతి ముద్ద తర్వాతా ఎడమ బుగ్గలో వేలితో వెతకడం ఆవిడకు అలవాటైంది. 16వ రోజు ఓహెచ్‌ఏటీ స్కోరు 4. మిగిలినవి ఉమ్మి తక్కువ కావడం, రెండు పుచ్చుపళ్లు, చిగుళ్ల కాస్త ఎరుపు, ప్లేటు వదులు. 18వ రోజు డిశ్చార్జి.

వార్డు చార్టులో 'మౌత్ కేర్' టిక్కు గడి తీసేశాం. దాని బదులు నాలుగు మాటలు రాయాలి: టార్చితో చూశారా, బ్రష్ చేశారా, కట్టుడు పళ్లు ఎక్కడున్నాయి, నోట్లో ఏం కనిపించింది. చివరిది మాటల్లోనే రాయాలి, 'బాగుంది' అని రాయకూడదు. కట్టుడు పళ్ల ప్రశ్నను రోగితో ఒకే ఇంట్లో ఉండేవాళ్లను అడగాలి, అడిగాక కూడా వేలితో తడిమి చూడాలి. టార్చి సెల్స్ ప్రతి సోమవారం క్రాష్ కార్ట్ (అత్యవసర మందుల బండి) తనిఖీతో పాటే చూస్తారు. మొదటి నెలలో చివరి గడి ఎక్కువగా ఖాళీగా ఉన్నది రాత్రి షిఫ్టుల్లోనే. ముప్పై మంచాలకు ఇద్దరు సిస్టర్లున్న రాత్రి, ఏ రోగుల నోరు ముందు చూడాలన్న వరస ఇంకా తేల్చుకోవాల్సి ఉంది. ప్రస్తుతానికి రైల్స్ ట్యూబ్ ఉన్నవాళ్లు, మాస్కు ఉన్నవాళ్లు, మాట్లాడలేనివాళ్లు ముందు.